రంగం నుంచి వచ్చినవాళ్ళు

మేం మస్కట్ నుంచి వచ్చేసి రెండేళ్ళు దాటింది. అయినా మా అటక మీద మూడు అట్టపెట్టెలు ఇంకా విప్పకుండానే ఉన్నాయి. వాటిలో ఏముందో కూడా మర్చిపోయాను. విప్పేస్తే ఇక్కడే ఉండిపోతామని ఒప్పుకున్నట్టవుతుందని లోపల ఎక్కడో భయమేమో.

మొన్నొక ఆదివారం అపార్ట్‌మెంటు మోటారు కాలిపోయి పొద్దున్నించీ నీళ్ళు లేవు. సింకు నిండా గిన్నెలు. "అక్కడైతే పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా నీళ్ళు ఆగలేదు" అన్నాను. ఎవరితోనూ కాదు, గోడతో. మా అత్తయ్య డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు.

"మా నాన్న కూడా అచ్చం ఇలాగే అనీవోడమ్మా. కూరలో ఉప్పు తగ్గినా, వాన పడినా, బస్సు రాకపోయినా, 'రంగంలోనైతే' అని మొదలెట్టీవోడు. మా యమ్మ కసిరీది."

నేను గిన్నెలు వదిలేసి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అత్తయ్య బర్మాలో పుట్టారని తెలుసు. అంతే తెలుసు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అంటే నాకు ఆటో దిగే ఒక చోటు, అంతకు మించి ఎప్పుడూ ఆలోచించలేదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగాల దరఖాస్తులు నింపేటప్పుడు వయోపరిమితి సడలింపు జాబితాలో ఒక వాక్యం కనబడేది: 1963 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ బర్మా నుంచి తిరిగివచ్చిన భారత సంతతివారు. అది మనకి సంబంధించింది కాదని కిందకి దిగిపోయేదాన్ని. ఆ ఒక్క వాక్యంలో మా అత్తవారి ఇల్లంతా ఉందని అప్పుడేం తెలుసు?

ఆ ఆదివారం మొదలుపెట్టి కొన్ని నెలలు అత్తయ్యని అడుగుతూనే ఉన్నాను. ఆవిడ చెప్పినదానికి చుట్టూ ఏం జరిగిందో పుస్తకాల్లో వెతుక్కున్నాను. నేను చదివింది తెలుగు బీయే, చరిత్ర కాదు. అందుకని ఇది ఇల్లాలి చరిత్ర అనుకుని చదవండి.

*

ముందు ఆ పేరు సంగతి. రంగూన్‌ని మన ఉత్తరాంధ్రవాళ్ళు రంగం అంటారు. ఇప్పుడది యాంగోన్. "ఆయన రంగం వెళ్ళాడు" అంటే ఒకప్పుడు శ్రీకాకుళం పల్లెల్లో అందరికీ అర్థమయ్యే మాట, ఇప్పుడు "దుబాయ్ వెళ్ళాడు" అన్నట్టు.

1852లో జరిగిన రెండో యుద్ధంతో రంగూన్, ఇరావతి డెల్టా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. 1885లో మూడో యుద్ధంతో మిగతా బర్మా కూడా వచ్చింది. దాన్ని ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపేశారు. డెల్టాలో వరి, అడవుల్లో టేకు. కోతకి, బియ్యం మిల్లుల్లో పనికి, రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావాలి. బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డున మనకి కరువులు, అప్పులు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువల్లో ఆగి మనుషుల్ని ఎక్కించుకునేవి. మేస్త్రీ ముందుగా కొంత డబ్బు అప్పిచ్చి తీసుకెళ్ళేవాడు, అక్కడ కూలిలో పట్టుకునేవాడు. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. రెండు మూడేళ్ళు ఉండి నాలుగు డబ్బులు చేసుకుని వచ్చేయాలనే వెళ్ళేవాళ్ళు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో సుమారు పది లక్షలమంది భారతీయులు ఉన్నారు. రంగూన్ నగరంలోనైతే సగానికి పైగా మనవాళ్ళే. తెలుగువాళ్ళు ఒక్కరే లక్షన్నరకు పైగా.

బర్మావాళ్ళు తెలుగువాళ్ళకి పెట్టిన పేరు నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది. కోరంగీ. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి ఉంది కదా, మనం ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్తాం, అదే కోరంగి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు, పెద్ద రేవు. 1839 తుఫానుకి ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది, తర్వాత రేవు దెబ్బతింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం అవతల నిలిచిపోయింది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, గోదావరి నుంచి వెళ్ళినా అక్కడ అందరూ కోరంగీలే. అది గౌరవంగా పిలిచే మాట కూడా కాదు. బస్తాలు మోసేవాళ్ళని, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్ళని చూసి అనే మాట.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలే. ఇద్దరు పేదవాళ్ళకి మధ్య ఒకే పని పెట్టి లాభం చూసుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. అంతకు ముందురోజు దాకా మద్రాసు వెళ్ళినట్టే రంగం వెళ్ళినవాళ్ళు, మర్నాటి నుంచి పరాయి దేశంలో ఉన్నవాళ్ళయిపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తయ్యగారి నాన్న, అంటే మా వారి తాతగారు, పదహారేళ్ళ వయసులో కళింగపట్నంలో స్టీమరెక్కారట.

*

తాతగారు రెండుసార్లు తిరిగొచ్చారు. మొదటిసారి నడిచి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు దగ్గర, బజార్లలో గుంపులుగా ఉన్న మన కూలీలు చాలామంది ఆ రోజే పోయారు. మిగిలినవాళ్ళు ప్రోమ్ దారి పట్టారు. రేవు కూలీలు వెళ్ళిపోతే ఓడల్లో సరుకు దించేవాళ్ళు ఉండరని మొదట్లో ప్రభుత్వమే వాళ్ళని దారిలో ఆపి వెనక్కి పంపింది. తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. ప్రోమ్ నుంచి తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కణ్ణుంచి చిట్టగాంగుకి ఒక దారి. తమూ మీదుగా మణిపూర్‌కి ఒక దారి. ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంకి మరొకటి. మొత్తం నాలుగైదు లక్షలమంది అలా బయల్దేరారంటారు. దారిలో నీళ్ళు లేక, కలరా వచ్చి, మలేరియా వచ్చి వేలమంది రాలిపోయారు. మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది.

ఆ రోజుల్లో తెలుగు పత్రికలు వాళ్ళని కాందిశీకులు అన్నాయి. ఈ మాట నేను డిగ్రీలో చదువుకున్నాను. "కాం దిశం", అంటే "ఏ దిక్కుకి?" అని అడుగుతూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. పరీక్షలో వ్యుత్పత్తి రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఆ ప్రశ్న ఎవరి నోట్లోంచి వచ్చిందో ఆలోచించలేదు.

తాతగారు అరకాన్ దారిలో వచ్చారు. ఎన్ని రోజులు నడిచారో అత్తయ్యకి తెలీదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకి తెలిసిందల్లా, ఆయన జీవితాంతం మంచం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకోకుండా పడుకోలేదని.

ఊరికి వచ్చి నెలైనా కాకుండానే, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశాఖ ఖాళీ అయిపోయి జనం పల్లెలకి పరుగెత్తారు. "బాంబుల్ని వెంటబెట్టుకొచ్చాడు" అని ఊళ్ళో ఎవరో తాతగారిని చూసి అన్నారట. వేళాకోళానికే అన్నారేమో. కానీ ఇరవై ఏళ్ళ పిల్లాడు, అంత దూరం నడిచి ఇంటికొచ్చినవాడు, ఆ మాట మర్చిపోలేదు. నాలుగేళ్ళు ఊళ్ళో ఉన్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, యుద్ధం అయిపోగానే మళ్ళీ రంగం వెళ్ళిపోయాడు. అంత చూశాక మళ్ళీ ఎందుకెళ్ళాడంటే, ఆయనకి తెలిసిన పని, తెలిసిన వీధులు, తెలిసిన మనుషులు అక్కడే ఉన్నారు.

1947లో భార్యని తీసుకెళ్ళారు. మా వారి అమ్మమ్మ. అప్పుడావిడకి పదహారేళ్ళు. ఆవిడ గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

*

1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఎవరు ఆ దేశ పౌరులు అన్న ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు కొందరు, ఈ కాగితాలు మనకెందుకులే అనుకున్నవాళ్ళు చాలామంది. కాగితం లేనివాళ్ళు విదేశీయులుగా పేరు నమోదు చేయించుకోవాలి. తాతగారు రేవు పని మానేసి చిన్న కిరాణా కొట్టు పెట్టారు. ముగ్గురు పిల్లలు పుట్టారు. అత్తయ్య 1953లో.

1962 మార్చిలో సైన్యాధిపతి నే విన్ ప్రభుత్వాన్ని కూల్చి అధికారం తీసుకున్నాడు. 1963లో బ్యాంకులు జాతీయం చేశారు. 1964 మార్చి 19న రంగూన్‌లో దుకాణాలు. పెద్ద కంపెనీలే కాదు, చిన్న చిన్న కొట్లు కూడా. ఆ ఉదయం సైనికులు వచ్చి లెక్కలు రాసుకుని, తాళం చెవులు తీసుకుని, "ప్రజల దుకాణం" అని ఒక నంబరుతో బోర్డు తగిలించారు. అత్తయ్యకి అప్పుడు పదకొండేళ్ళు. వాళ్ళ నాన్న మర్నాడు పొద్దున్న కూడా స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, కొట్టుకి బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చారట.

రెండు నెలలకి, మే 17న, యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. మన దగ్గర 2016లో జరిగినప్పుడు అత్తయ్య మస్కట్‌కి ఫోన్ చేసి "నోట్లు మార్చుకున్నారా" అని అంత కంగారు పడ్డారెందుకో, మాకు ఇప్పుడర్థమైంది. అప్పట్లో మేం నవ్వుకున్నాం.

ఇక ఉండడానికేం లేదు. ఆ రెండు మూడేళ్ళలో బర్మా నుంచి భారతీయులు లక్షల్లో వచ్చేశారు. మన ప్రభుత్వం ఓడలు పంపింది. డబ్బు, నగలు తెచ్చుకోడానికి కఠినమైన ఆంక్షలు. రేవులో పెట్టెలు విప్పి చూసేవారు. ఆడవాళ్ళ ఒంటి మీదవి కూడా వలిచి ఇచ్చి రావలసి వచ్చిందని ఆ రోజు వచ్చినవాళ్ళందరూ చెబుతారు. అమ్మమ్మగారు మెడలో పసుపుతాడుతో, ముగ్గురు పిల్లలతో, ఒక రేకు పెట్టెతో ఓడెక్కారు. ఆ పెట్టెలో బట్టలతోపాటు ఒక గుండ్రటి రాయి. తనాకా చెక్క అరగదీసుకునే రాయి. బర్మా ఆడవాళ్ళు ఆ చెక్కని నీళ్ళతో రాయి మీద అరగదీసి చందనంలా మొహానికి రాసుకుంటారు. నగలు వద్దన్నారు గానీ, రాయిని ఎవరూ వద్దనలేదు.

*

ఇక్కడిదాకా పుస్తకాల్లో దొరుకుతుంది. తేదీలు ఉన్నాయి, లెక్కలు ఉన్నాయి. ఓడ దిగిన తర్వాత ఏమైందన్నది మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. ప్రభుత్వం ఏం చేసిందో దొరుకుతుంది: చిన్న వ్యాపారాలకి అప్పులు, ఇళ్ళ స్థలాలు, ఉద్యోగాల్లో వయసు సడలింపు. 1969లో మద్రాసు కేంద్రంగా బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసమే రెప్కో బ్యాంకు పెట్టారు. ఆ నగరంలోనే బర్మా బజారు వెలిసింది. తమిళులు కొందరైతే ఇక్కడ ఇమడలేక, నేల మీద నడిచి మళ్ళీ బర్మా వెళ్ళబోయి, సరిహద్దు దాటలేక మణిపూర్‌లోని మోరేలో ఆగిపోయారు. ఇప్పటికీ అక్కడ తమిళుల వీధులున్నాయి.

కానీ ఓడ దిగిన మర్నాడు పొయ్యి ఎవరు ముట్టించారు, దేంతో ముట్టించారు? అది అత్తయ్య చెప్పాలి.

వాళ్ళు ముందు ఊరికెళ్ళారు. తాతగారి అన్నగారింట్లో వెనకవైపు వసారా ఇచ్చారు. అమ్మమ్మగారు పదహారేళ్ళప్పుడు వదిలి వెళ్ళిన ఊరు అది. పదిహేడేళ్ళ తర్వాత, ముప్ఫై మూడేళ్ళ వయసులో వచ్చారు. బావిలో తోడేవాళ్ళు మారిపోయారు. తల్లి లేదు. తోటి పిల్లలు అత్తవారిళ్ళకెళ్ళిపోయారు. తోడికోడళ్ళకి ఈవిడ ఒకప్పుడు రంగం నుంచి చీరలు పంపిన మనిషి. ఇప్పుడు పెట్టెలో ఏమీ లేకుండా వచ్చిన మనిషి. నిజంగా ఏమీ లేదంటే మొదట్లో నమ్మలేదట. పిల్లలు నిద్రపోతుంటే ఎవరో పెట్టె విప్పి చూశారట.

పిల్లలకైతే అది తిరిగిరావడం కూడా కాదు. వాళ్ళెప్పుడూ చూడని ఊరు. "మన ఊరు వెళ్తున్నాం" అని ఓడలో అందరూ సంతోషపడుతుంటే, "మన ఊరు రంగం కదా" అని అత్తయ్య ఏడ్చారట. బడిలో వేస్తే తెలుగు మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. పదకొండేళ్ళ పిల్లని ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. మధ్యలో బర్మా మాట దొర్లితే పిల్లలంతా అదే మాట అంటూ వెంటపడేవారు. వాళ్ళమ్మ ఒకసారి ఆశపడి ఙపీ, అదే బర్మావాళ్ళు చేపలు, రొయ్యలు ఊరబెట్టి చేసే ముద్ద, ఎండుచేపలతో తనే ఎలాగో తయారుచేయబోతే, వాసనకి ఇల్లంతా గొడవైంది. ఎండుచేపలు వండుకునే ఊరే అది. అయినా వీళ్ళ వాసన వేరుగా అనిపించింది.

"అక్కడ కోరంగీవోళ్ళు అనీవోరు. ఇక్కడికొస్తే బర్మావోళ్ళు అన్నారు. మాకు మా ఊరి పేరు ఎవరూ పెట్టలేదమ్మా" అన్నారు అత్తయ్య. ఈ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. చిక్కుడుకాయ ఈనె తీసినంత మామూలుగా అన్నారు.

రెండేళ్ళకి విశాఖ వచ్చేశారు, బర్మా క్యాంపుకి. చుట్టూ వీళ్ళలాంటివాళ్ళే. తాతగారు రైల్వే స్టేషన్ దగ్గర తోపుడుబండి మీద పళ్ళు అమ్మారు. ఆయన "రంగంలోనైతే" అనడం అప్పుడే మొదలైంది. అమ్మమ్మగారికి అనడానికి తీరికేదీ? రేషన్ కార్డులో పేర్లు ఎక్కించాలి. పిల్లల పుట్టిన తేదీకి రుజువు కావాలంటారు, పుట్టింది వేరే దేశంలో. కట్టెల పొయ్యి మీద ఐదుగురికి వండాలి. పిల్లలకి తెలుగు అక్షరాలు ఆవిడకే సరిగా రావు, పక్కింటి పంతులమ్మగారింట్లో గిన్నెలు తోమి, దానికి బదులు పిల్లలకి చదువు చెప్పించారు. బర్మా వంట మానేశారు. ఇంట్లో బర్మా మాట వస్తే మూతి మీద కొట్టేవారు. అత్తయ్య మూడేళ్ళలో బర్మా భాష సగం మర్చిపోయారు.

"మరి మీరు ఇక్కడివాళ్ళయిపోయారని ఎప్పుడనిపించింది?" అని అడిగాను. ఇళ్ళ స్థలం వచ్చినప్పుడనో, ఉద్యోగం వచ్చినప్పుడనో, పెళ్ళప్పుడనో చెబుతారనుకున్నాను.

అత్తయ్య నవ్వారు. "కుళాయి కాడ" అన్నారు.

వీధికంతటికీ ఒకటే కుళాయి. తెల్లవారుజామున బిందెల వరస. అమ్మమ్మగారు చాలా ఏళ్ళు ఎవరు ముందుకి తోసినా పక్కకి జరిగి, ఆఖర్న మిగిలిన నీళ్ళు పట్టుకుని వచ్చేసేవారు. రంగంలోనూ తలొంచుకునే ఉన్నారు, ఇక్కడా తలొంచుకునే ఉన్నారు. ఒకరోజు ఎవరో ఆవిడ బిందె తీసి పక్కన పెట్టేశారు. ఆ రోజు ఆవిడ కొంగు బిగించి, బిందె మళ్ళీ కుళాయి కింద పెట్టి, "ఒలమ్మ, ఇది నా వంతు. మా గుంటలు బడికెళ్ళాలి. ముట్టుకుంటే ఊరుకోను" అని వీధంతా వినబడేట్టు అరిచారట. అత్తయ్య వెనకాల చిన్న బిందెతో నిలబడి ఉన్నారు. సిగ్గేసిందట. ఇంటికొచ్చాక మాత్రం ధైర్యంగా అనిపించిందట. "పరాయి చోట ఎవరైనా అలాగ అరుస్తారేటమ్మా? అప్పుడనుకున్నాను, ఇంక మేం ఎక్కడికీ వెళ్ళం అని."

అది ఏ సంవత్సరమో అత్తయ్యకి గుర్తులేదు. దుకాణం పోయిన తేదీ, నోట్లు పోయిన తేదీ పుస్తకాల్లో ఉన్నాయి. కుళాయి దగ్గర తగవు జరిగిన తేదీ ఎక్కడా లేదు.

*

నాకు అమ్మమ్మగారు తెలుసు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నా పెళ్ళైన మూడేళ్ళకి 2007లో ఆవిడ పోయారు. ఆ మూడేళ్ళూ మధ్యాహ్నాలు ఆవిడ ఆ గుండ్రటి రాయి మీద గంధం అరగదీసుకోవడం చూశాను. "ఈ రాయి ఎక్కడిది అమ్మమ్మా?" అని ఒక్కసారి అడిగి ఉంటే? డిగ్రీ పట్టా చేతిలో ఉంది, ఇంట్లో ఉన్న మనిషిని అడగడం రాలేదు. పైగా మేం మస్కట్ వెళ్ళేటప్పుడు అత్తయ్య ఏడుస్తుంటే, ఇంత దానికి ఏడవడమేంటి, నాలుగు గంటల ప్రయాణం కదా, అనుకున్నాను.

మా రాకని వాళ్ళ రాకతో పోల్చడం తప్పు. నాకు తెలుసు. మా వారి కంపెనీ మనుషుల్ని తగ్గించింది, మేం విమానంలో వచ్చాం, బ్యాంకులో డబ్బుంది, ఫ్రిజ్ కూడా తెచ్చుకున్నాం. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు లక్షా డెబ్బై వేలమంది భారతీయుల్ని విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్ళలో మన కడప, గోదావరి జిల్లాలవాళ్ళు ఎందరో. కట్టుబట్టలతో వచ్చారు. కానీ యుద్ధం ముగిశాక చాలామంది మళ్ళీ వెళ్ళగలిగారు. బర్మావాళ్ళకి ఆ దారి కూడా లేదు.

అయినా వంటింట్లో నిలబడితే కొన్ని మాటలు ఒకేలా ఉన్నాయి. వచ్చిన కొత్తలో నాకూ అన్నీ కాగితాలే. ఆధార్‌లో పాత చిరునామా, గ్యాస్ కనెక్షన్ రద్దయిపోయింది, మా బాబు పుట్టిన సర్టిఫికెట్ మీద ఇంకో దేశం ముద్ర. ఒక బడిలో ప్రవేశానికి వెళ్తే, తెలుగు పరీక్ష పెట్టి, వాడు రాసింది అందరి ముందూ చదివి నవ్వారు. వాడు ఇంటికొచ్చి "మనం వెనక్కి ఎప్పుడెళ్తాం?" అన్నాడు. నేను తెలుగు చదువుకున్నదాన్ని. నా కొడుక్కి ఒత్తులు రావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి మీద కోపంతో కాదు, పన్నెండేళ్ళు ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని వాయిదా వేసిన నా మీద కోపంతో.

వాడికిప్పుడు తెలుగు నేర్పుతున్నది నేను కాదు, అత్తయ్య. పదకొండేళ్ళప్పుడు ఒకటో తరగతి పక్కన కూర్చున్న మనిషి కదా, తప్పు రాస్తే నవ్వరు. అమ్మమ్మగారు చేసినట్టు మూతి మీద కొట్టరు కూడా. వాడి నోట అరబ్బీ మాట వస్తే, "దాన్ని మన భాషలో ఏటంటారో చెప్పు, నీ భాషలో ఏటంటారో నాకూ చెప్పు" అంటారు. తను మర్చిపోయిన సగం భాష ఆవిడని ఇప్పటికీ బాధపెడుతుందనుకుంటాను. పోయిన నెల అరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి కౌస్వే చేశారు. నూడుల్స్, కొబ్బరిపాలు, సెనగపిండి కలిపి చేసే బర్మా వంట. ఉప్పు ఎక్కువైంది. మా వాడు రెండుసార్లు వేయించుకున్నాడు. "రంగంలోనైతే" అని మొదలుపెట్టి అత్తయ్యే ఆగిపోయి నవ్వేశారు.

అటక మీద పెట్టెల్లో ఒకటి మొన్న విప్పాను. చలికోట్లు, ఒక విరిగిన ధూపం కుండీ, మా బాబు నర్సరీ బొమ్మలు. మిగతా రెండూ కూడా విప్పుతాను, తొందరేం లేదు. "అక్కడైతే" అనడం మానలేదు. మానాలని కూడా అనుకోవట్లేదు. తాతగారు పోయేదాకా అన్నారట కదా. అనుకుంటూనే ఇక్కడ ఇల్లు కట్టారు, ముగ్గురికి పెళ్ళిళ్ళు చేశారు.

నాకింకా ఎవరితోనూ కుళాయి దగ్గర తగవు రాలేదు. రైతుబజార్లో తూకం తగ్గించినా, క్యూలో ఎవరైనా ముందుకి వచ్చినా నవ్వేసి జరుగుతున్నాను, చుట్టపుచూపుగా వచ్చినట్టు. కానీ నిన్న సాయంత్రం బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్తే కింద పిల్లల క్రికెట్లో ఏదో గొడవ. అందరికన్నా పైన ఒక గొంతు: "ఏట్రా, అవుటేటి? బ్యాటు నాది, బాలు నాది, ఇంక నేనెందుకు అవుటవుతాను?"

మావాడే. న్యాయం ఏమాత్రం లేని మాట. పరుగెత్తుకెళ్ళి చెవి మెలేసి తీసుకొద్దామని చెప్పులు వేసుకున్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనీయమ్మా" అన్నారు.